బ్రిటన్‌లో టీవీ లైసెన్స్: ఆ ఉత్తరాలు ఎందుకొస్తాయి, తలుపు కొడితే ఏం చేయాలి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: లెస్టర్‌లో అద్దె ఇంట్లో దిగి కొన్ని నెలలైంది. అప్పటినుంచి టీవీ లైసెన్సింగ్ పేరుతో ఉత్తరం మీద ఉత్తరం వస్తోంది. కవరు మీద మీ పేరుండదు, ‘చట్టబద్ధ నివాసి’ అని ఉంటుంది. లోపల మాత్రం విచారణ, కోర్టు, వెయ్యి పౌండ్ల జరిమానా అన్న మాటలు. మీరిద్దరూ బీబీసీ చూడరు. సాయంత్రం బాక్సులో తెలుగు ఛానెళ్లు, వారాంతంలో నెట్‌ఫ్లిక్స్, అంతే. మీ ఆయన ఆఫీసుకెళ్లాక పగలంతా ఇంట్లో మీరొక్కరే. ఎవరైనా వచ్చి తలుపు కొడితే తీయాలా, వ్యాన్లలో తిరుగుతూ మన టీవీలో ఏముందో కనిపెడతారట నిజమేనా, రేపు వీసాకి అడ్డమవుతుందా అని అడిగారు.

ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్లకు ఇలాంటి ఉత్తరాలు చదివి అర్థం చెప్పడం, జవాబులు రాసిపెట్టడం చాలా ఏళ్లుగా చేస్తున్నాను. కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద స్థానిక సంస్థ వేసే పన్ను) తర్వాత ఎక్కువమందిని కంగారు పెట్టేవి ఇవే. టీవీ లైసెన్స్ అంటే టీవీ ప్రసారాలు చూసే ఇల్లు ఏటా ఫీజు కట్టి తీసుకోవాల్సిన అనుమతి. ఆ డబ్బు ప్రధానంగా బీబీసీకి పోతుంది. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఈ వసూళ్లు నడిచేది రహస్య పరికరాలతో కాదు. ఒక పెద్ద చిరునామాల జాబితా, తలుపు తీసిన మనిషి నోటి మాట, ఈ రెండిటి మీదే దాదాపు అంతా నడుస్తుంది. అందుకే మీకు లైసెన్స్ కావాలో వద్దో ఎవరూ తలుపు కొట్టకముందే మీరు తేల్చుకుని ఉండాలి.

మీరు చెప్పినదాన్ని బట్టి మీకు లైసెన్స్ కావాలి. ‘మేం బీబీసీ చూడం కదండీ’ అనే మాట మనవాళ్ల దగ్గర చాలాసార్లు విన్నాను. కానీ నిబంధన ఏ ఛానెల్ అని అడగదు. టీవీలో ప్రసారమవుతున్న కార్యక్రమాన్ని అదే సమయంలో చూస్తున్నారా, రికార్డు చేస్తున్నారా అనే అడుగుతుంది. 2003 కమ్యూనికేషన్స్ చట్టం 363వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేకుండా ప్రసారాలు అందుకోవడానికి టీవీ రిసీవర్ పెట్టుకోవడం, వాడటం నేరం. రిసీవర్ అంటే గోడకున్న టీవీ ఒక్కటే కాదు. లైవ్ చూడటానికి వాడితే ఫోన్, ల్యాప్‌టాప్, ట్యాబ్, మీ స్ట్రీమింగ్ బాక్స్ అన్నీ రిసీవర్లే. విదేశీ ఛానెల్ అయినా, ఏ భాషదైనా, దానికి మీరు విడిగా నెలనెలా చందా కడుతున్నా మినహాయింపు లేదు.

మన ఇళ్లలో జరిగే విషయాలతోనే చెబుతాను. హైదరాబాద్ న్యూస్ ఛానెల్‌ని బాక్సులో లైవ్ పెడితే లైసెన్స్ కావాలి. అదే ఛానెల్ యూట్యూబ్‌లో ఇరవై నాలుగు గంటలూ ఇచ్చే లైవ్ చూసినా కావాలి. ఐపీఎల్ మ్యాచ్ లైవ్ చూస్తే కావాలి. నిన్నటి సీరియల్‌ని ఇవాళ యాప్‌లో చూస్తే అక్కర్లేదు. నెట్‌ఫ్లిక్స్‌లో సినిమాకి అక్కర్లేదు, కానీ అదే నెట్‌ఫ్లిక్స్‌లో ఏదైనా పోటీ ప్రత్యక్ష ప్రసారం చూస్తే కావాలి. యూట్యూబ్‌లో వంటల వీడియోలు, పాత పాటలు, ఇంటర్వ్యూలు ఎన్ని చూసినా ఎవరూ అడగరు. రేడియోకి ఏదీ అక్కర్లేదు. బీబీసీ సొంత యాప్ ఐప్లేయర్ ఒక్కటి మాత్రం వేరు. 2016 సెప్టెంబర్ 1 నుంచి అందులో బీబీసీ కార్యక్రమాలు లైవ్ కాకపోయినా, ఎప్పుడో ప్రసారమైనవి తర్వాత చూసినా, డౌన్‌లోడ్ చేసుకున్నా లైసెన్స్ ఉండాలి. అంటే టీవీ ఇంట్లో ఉండటం తప్పు కాదు. దాన్ని సినిమాలకు, ఆటలకు మాత్రమే వాడుకుంటూ లైసెన్స్ లేకుండా ఉండే హక్కు మీకుంది. కానీ మీ సాయంత్రాలు లైవ్ తెలుగు ఛానెళ్లతో గడుస్తున్నాయి కాబట్టి ఆ దారి మీకు లేదు.

ఒక ఇంటికి ఒక లైసెన్స్ చాలు, ఎన్ని టీవీలున్నా, ఎంతమంది చూసినా. నలుగురు కలిసి ఒకే అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టి ఉంటే మామూలుగా అందరికీ కలిపి ఒకటే. ఎవరి గదికి వాళ్లు విడిగా ఒప్పందం చేసుకుని ఉంటే ఎవరిది వాళ్లకే. చదువుకోవడానికి వచ్చిన పిల్లల్లో ఒక మాట తిరుగుతుంటుంది, ‘అమ్మానాన్నల లైసెన్స్ సరిపోతుంది’ అని. అది బ్రిటన్‌లోనే లైసెన్స్ ఉన్న ఇల్లు తమ అసలు చిరునామాగా ఉన్నవాళ్లకు, అదీ కరెంటు ప్లగ్గుకు తగిలించకుండా, యాంటెన్నా లేకుండా, బ్యాటరీ మీద నడిచే పరికరంలో చూసినప్పుడే. గుంటూరులో ఉన్న అమ్మానాన్నలతో దానికి సంబంధం లేదు.

ఇక డబ్బు సంగతి. 2021 నుంచి 159 పౌండ్లుగా ఉన్న ఫీజు 2024 ఏప్రిల్‌లో 169.50 అయింది, 2025 ఏప్రిల్‌లో 174.50కి చేరింది. ధరల పెరుగుదలను బట్టి ఏటా ఏప్రిల్‌లో మారుతుంది కనుక కట్టేరోజున వాళ్ల సైటులో చూసుకోండి. నెలనెలా డైరెక్ట్ డెబిట్ పెట్టుకుంటే ఒక విషయం తెలుసుకుని ఉండండి, లేకపోతే బ్యాంకు ఖాతా చూసి ఉలిక్కిపడతారు. మొదటి ఏడాది ఫీజు మొత్తం ఆరు నెలల్లోనే తీసేసుకుంటారు, అంటే 174.50 లెక్కన నెలకు 29 పౌండ్ల పైచిలుకు. ఆ తర్వాత నుంచి దాదాపు 14.50 చొప్పున పోతుంది. మూడు నెలలకోసారి కట్టే పద్ధతిలో ప్రతి విడతకూ 1.25 పౌండ్లు అదనం. డబ్బుకి బాగా ఇబ్బందిలో ఉన్నవాళ్లకు చిన్న చిన్న విడతలతో కట్టే పథకం ఉంది, అడిగితే చెబుతారు. పేపాయింట్ గుర్తున్న కొట్లలో నగదు కూడా కట్టొచ్చు. చూపు తీవ్రంగా దెబ్బతిన్నట్టు ధ్రువపత్రం ఉన్నవాళ్లకు సగం ఫీజు. 75 ఏళ్లు దాటినవాళ్లందరికీ 2000 నుంచి ఉచితంగా ఉండేది. 2020 ఆగస్టు నుంచి వాళ్లలో పెన్షన్ క్రెడిట్ (తక్కువ ఆదాయమున్న వృద్ధులకిచ్చే ప్రభుత్వ సాయం) అందుకునే ఇళ్లకే దాన్ని పరిమితం చేశారు.

వసూలు చేసేది ఎవరు? టీవీ లైసెన్సింగ్ అన్నది ప్రభుత్వ శాఖ కాదు, విడిగా ఒక కంపెనీ కూడా కాదు. అది ఒక వ్యాపార నామం. ఒకప్పుడు ఇది తపాలా శాఖ పని. 1922లో రేడియోకి ఏడాదికి 10 షిల్లింగులతో మొదలైంది, 1946 జూన్‌లో టీవీకి 2 పౌండ్ల లైసెన్స్ వచ్చింది. మన పెద్దవాళ్లు కూడా రేడియో పుస్తకం పట్టుకుని పోస్టాఫీసుకెళ్లి ఏటా ఫీజు కట్టి ముద్ర వేయించుకునేవారు. అక్కడ అది 1980ల మధ్యలో పోయింది, ఇక్కడ మిగిలింది. 1991 నుంచి లైసెన్సులిచ్చే అధికారం బీబీసీదే. ఆఫీసు పని, ఇళ్లకు తిరిగే పని క్యాపిటా అనే ప్రైవేటు సంస్థకు కాంట్రాక్టు ఇచ్చారు. అంటే మీ తలుపు కొట్టే మనిషి పోలీసు కాదు, కోర్టు అధికారి కాదు, కౌన్సిల్ మనిషీ కాదు. ఒక కాంట్రాక్టు సంస్థ ఉద్యోగి. ఇది గుర్తుంటే సగం భయం పోతుంది.

వాళ్ల దగ్గర దేశంలోని సుమారు 3 కోట్ల చిరునామాల డేటాబేస్ ఉంది. ఏ చిరునామాకి లైసెన్స్ ఉంది, దేనికి గడువు తీరింది, ఎవరు అక్కర్లేదని చెప్పారు అన్నీ అందులో ఉంటాయి. ఏ వివరమూ లేని చిరునామాకి ఉత్తరం పోతుంది. అక్కడ ఎవరున్నారో తెలియదు కాబట్టే ‘చట్టబద్ధ నివాసి’ అని రాస్తారు. మీ మీద ప్రత్యేకంగా అనుమానం వచ్చి కాదు, మీకంటే ముందున్న అద్దెదారు లైసెన్స్‌ను తనతో తీసుకుపోయి ఉంటారు, ఇల్లు జాబితాలో ఖాళీగా కనబడుతూ ఉంటుంది. మొదటి ఉత్తరం మర్యాదగా అడుగుతుంది. జవాబు లేకపోతే నెల తర్వాత వచ్చేది గట్టిగా ఉంటుంది. ఆ తర్వాత ‘అధికారిక హెచ్చరిక’, ‘విచారణ’ లాంటి శీర్షికలు, ఎర్ర రంగు, ఫలానా తేదీన మీరు ఇంట్లో ఉంటారా అని పెద్ద అక్షరాల్లో ప్రశ్న. అంత ఖచ్చితంగా తేదీ వేశారు కదా అని ఆరోజు సెలవు పెట్టుకుని ఎదురుచూసిన దంపతులు నాకు తెలుసు. ఎవరూ రాలేదు. ఆ ఉత్తరాలు ఒక వరసలో కంప్యూటర్ నుంచి వెళ్లేవి. ఆ భాష కొత్తగా దేశానికొచ్చిన మనిషి గుండెలో ఎంత భయం పెడుతుందో రాసేవాళ్లకు తెలియాలని నాకు చాలాసార్లు అనిపించింది. ఏ నేరమూ చేయని ఇంటికి కూడా అదే ఉత్తరం పోతోంది.

ఒకప్పుడు మరో దారి కూడా ఉండేది. దుకాణంలో టీవీ కొంటే మీ పేరు, చిరునామా దుకాణంవాళ్లు పంపి తీరాలని 1967 నుంచి చట్టం. 2013లో దాన్ని తీసేశారు. ఇప్పుడు టీవీ కొన్నంత మాత్రాన ఎవరికీ సమాచారం పోదు.

నిజంగా అవసరం లేనివాళ్లు ‘లైసెన్స్ అక్కర్లేదు’ అని ఆన్‌లైన్‌లో చెప్పొచ్చు. కొన్ని నిమిషాల పని. దాదాపు రెండేళ్లపాటు ఉత్తరాలు ఆగుతాయి, ఆ తర్వాత మళ్లీ అడుగుతారు. చెప్పింది నిజమో కాదో చూడటానికి మనిషి రావచ్చు కూడా. చట్టప్రకారం ఇలా చెప్పి తీరాలని లేదు, కానీ ఉత్తరాల బెడద తగ్గాలంటే ఇదే సులువు. అబద్ధం చెప్పడానికి మాత్రం దీన్ని వాడొద్దు.

తలుపు దగ్గర జరిగేది వివరంగా చెబుతాను, ఎందుకంటే కేసులు పుట్టేది అక్కడే. వచ్చిన మనిషి గుర్తింపు కార్డు చూపించాలి. అడిగి చూడండి, చూపించకపోతే తలుపు వేసేయండి. ఇంటి పేరుమీద లైసెన్స్ లేదు, టీవీ చూస్తారా అని మాటల్లో పెడతారు. ‘అప్పుడప్పుడూ చూస్తామండీ’ అని మన మర్యాద కొద్దీ మనం చెప్పేస్తాం. అక్కడినుంచి మాట తీరు మారుతుంది. మీరేమీ చెప్పాల్సిన పనిలేదు, చెప్పినది సాక్ష్యంగా వాడొచ్చు అన్న హెచ్చరిక చదువుతారు. ఒక ఫారంలో ప్రశ్నలుంటాయి: పేరు, పుట్టిన తేదీ, ఏ పరికరం, ఎప్పుడు చివరిసారి చూశారు, ఎన్నాళ్లనుంచి చూస్తున్నారు. జవాబులు రాసుకుని చివర సంతకం పెట్టమంటారు. లోపలికొచ్చి టీవీ చూడొచ్చా అని కూడా అడుగుతారు.

ఇందులో ఏదీ మీరు చేసి తీరాల్సింది కాదు. తలుపు తీయక్కర్లేదు. తీసినా పేరు చెప్పక్కర్లేదు, లోపలికి రానివ్వక్కర్లేదు, సంతకం పెట్టక్కర్లేదు. ‘ఇప్పుడు మాట్లాడలేనండీ, వెళ్లండి’ అంటే వాళ్లు వెళ్లాలి. ఇది నేను ఎగ్గొట్టడానికి చెప్పే ఉపాయం కాదు. ఇంగ్లీషులో అడిగే ప్రశ్న పూర్తిగా అర్థంకాకుండా, అవునో కాదో తెలియకుండా తలూపి, ఆ కాగితం మీద సంతకం పెట్టిన ఆడవాళ్లని చూశాను. వాళ్ల ఇంట్లో చూస్తున్నది అంతకుముందు వచ్చిన సీరియళ్లు, అదీ యాప్‌లో. ఆ ఫారమే కోర్టులో ప్రధాన సాక్ష్యం. దురుసుగా మాట్లాడకండి, అబద్ధమూ చెప్పకండి. మాట్లాడకుండా ఉండే హక్కు మీదని తెలుసుకుంటే చాలు.

వారెంటు ఉంటే కథ వేరు. 366వ సెక్షన్ కింద నేరం జరుగుతోందనడానికి తగిన కారణాలు చూపి మేజిస్ట్రేటు దగ్గర సోదా వారెంటు తెచ్చుకోవచ్చు, అది నెలరోజులు చెల్లుతుంది. అప్పుడు అడ్డుకుంటే అది మరో నేరమవుతుంది. కానీ ఇది చాలా అరుదు. ఏదో ఉత్తరానికి జవాబివ్వలేదని వారెంటు రాదు.

వ్యాన్ల గురించి. డిటెక్టర్ వ్యాన్లు 1952లో వచ్చిన మాట నిజం. పాత టీవీలు సిగ్నల్ అందుకునేటప్పుడు వాటి లోపలి సర్క్యూట్లు తామే కొంత తరంగాన్ని బయటికి వదిలేవి. వ్యాను మీద యాంటెన్నా తిప్పి ఆ తరంగం ఏ ఇంటి నుంచో పసిగట్టేవారు. ఇప్పటి పరికరాలు ఎలా పనిచేస్తాయో, ఎన్ని ఉన్నాయో బీబీసీ బయటపెట్టదు. వాటి ద్వారా దొరికిన సమాచారాన్ని కోర్టులో సాక్ష్యంగా ఎన్నడూ వాడలేదని మాత్రం సమాచార హక్కు దరఖాస్తులకు జవాబుల్లో చెప్పింది. ఆ వ్యాను అసలు పని రోడ్డు మీద కనబడటం, నలుగురూ దాని గురించి చెప్పుకోవడం.

కేసు పెడితే ఏమవుతుంది? ఇంగ్లండ్, వేల్స్‌లలో ‘సింగిల్ జస్టిస్ ప్రొసీజర్’ అనే పద్ధతి ఉంది. 2015లో మొదలైంది. ఒక్క మేజిస్ట్రేటు, ఒక న్యాయ సలహాదారు, మీరు అక్కడ ఉండరు. కాగితాలు చూసి తీర్పిస్తారు. ముందుగా మీకు పోస్టులో నోటీసు వస్తుంది, మీ పేరుతోనే. ఇప్పటిదాకా వచ్చినవి పక్కన పడేసినా దీన్ని మాత్రం పడేయకూడదు. 21 రోజుల్లో ఒప్పుకుంటున్నారో లేదో చెప్పాలి. ఒప్పుకోకపోతే మామూలు విచారణ జరుగుతుంది. వెంటనే ఒప్పుకుంటే జరిమానాలో మూడోవంతు వరకు తగ్గుతుంది. గరిష్ఠ జరిమానా 1000 పౌండ్లు. ఆచరణలో వారం ఆదాయంలో సగం నుంచి పూర్తి వారం ఆదాయం వరకు లెక్క వేస్తారు, దానికి కోర్టు ఖర్చులు, బాధితుల నిధి సర్‌ఛార్జి కలుస్తాయి. ఆదాయం ఎంతో మీరు చెప్పకపోతే కోర్టే ఒక మొత్తం అనుకుని లెక్క కడుతుంది, అది మీ అసలు ఆదాయం కంటే ఎక్కువ ఉండొచ్చు. అందుకే ఆదాయం ఫారం తప్పక నింపాలి. లైసెన్స్ లేనందుకు జైలు లేదు. విధించిన జరిమానా కావాలని కట్టకపోతే మాత్రం అక్కడిదాకా వెళ్లే అవకాశముంది. మొదటిసారి దొరికినవాళ్లు కేసు కోర్టుకు చేరకముందే లైసెన్స్ కొనుక్కుంటే సాధారణంగా వదిలేస్తారు. ఇల్లు మారడం వల్ల నోటీసే అందకుండా శిక్ష పడిందని తర్వాత తెలిస్తే, తెలిసిన 21 రోజుల్లోపు కోర్టుకు ప్రమాణ పత్రం ఇచ్చి కేసు మళ్లీ మొదటికి తెచ్చుకోవచ్చు. స్కాట్లాండ్‌లో ఈ ఒక్క మేజిస్ట్రేటు పద్ధతి లేదు, కేసు నడపాలా వద్దా అని ప్రొక్యూరేటర్ ఫిస్కల్ అనే ప్రభుత్వ ప్రాసిక్యూటర్ నిర్ణయిస్తారు.

2010ల్లో ఈ ఒక్క నేరానికే ఏటా లక్షమందికి పైగా కోర్టులో పడ్డారు. ఈమధ్య బాగా తగ్గింది. అందులో ఆడవాళ్లు దాదాపు నలుగురిలో ముగ్గురు. బీబీసీయే 2017లో దీని మీద సమీక్ష చేయించి ప్రచురించింది. మగవాళ్లకంటే ఆడవాళ్లు ఎక్కువ ఎగ్గొడుతున్నారని కాదు. పగలు ఇంట్లో ఉండేది, తలుపు తీసేది వాళ్లు, ఒంటరిగా ఇల్లు నడిపేవాళ్లలోనూ వాళ్లే ఎక్కువ. ఇంట్లో అందరూ చూసే టీవీకి తలుపు తీసిన మనిషి పేరు మీద కేసు. మీరు పగలు ఒక్కరే ఉంటానని రాశారు కాబట్టే ఇది నొక్కి చెబుతున్నాను. మీ ఆయన కొన్న టీవీ, ఆయన పెట్టించుకున్న బాక్సు అయినా, ఆ ఫారం మీద పేరు మీదవుతుంది.

ఇది నేరంగా ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. కరెంటు బిల్లు కట్టకపోతే అప్పుగా వసూలు చేస్తారు, నేరస్థులని ముద్ర వేయరు. 2015లో డేవిడ్ పెర్రీ అనే సీనియర్ న్యాయవాది ప్రభుత్వం కోసం సమీక్ష చేసి, ప్రస్తుత విధానంలో నేరంగానే ఉంచాలని సిఫారసు చేశారు. సివిల్ పద్ధతికి మారిస్తే ఎగవేత, ఖర్చు రెండూ పెరుగుతాయన్నది ఆ వైపు వాదన. దానికి బలం లేకపోలేదు. మనిషి నోటి మాట తప్ప రుజువు లేని చోట ఏ పద్ధతైనా కష్టమే. కానీ మిగతా దేశాలు ఆ ముడిని వేరేగా విప్పాయి. జర్మనీ 2013 నుంచి ఇంట్లో టీవీ ఉందా లేదా అని అడగడం మానేసి ప్రతి ఇంటికీ చందా పెట్టింది, ఇక తనిఖీతో పనేముంది? ఇటలీ 2016లో కరెంటు బిల్లులో కలిపేసింది, ఎగవేత ఒక్కసారిగా పడిపోయింది. ఫ్రాన్స్ 2022లో ఫీజే ఎత్తేసింది. ఇక్కడ బీబీసీకి ఆధారమైన రాయల్ చార్టర్ అనే అధికార పత్రం గడువు 2027 డిసెంబర్ 31తో ముగుస్తుంది. ఏదైనా మారితే అప్పుడే. అప్పటిదాకా ఉన్న నిబంధన పాటించాలి.

వీసా విషయం. ఉత్తరాలు రావడం, మనిషి రావడం వల్ల వీసాకి ఏమీ కాదు. కోర్టులో శిక్ష పడితే మాత్రం, జరిమానా అయినా అది నేరానికి పడ్డ శిక్షే. వీసా పొడిగింపు, ఐఎల్ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి), పౌరసత్వం దరఖాస్తుల్లో శిక్షల గురించి అడుగుతారు. అక్కడ దాచిపెట్టడం ఈ జరిమానాకంటే ఎన్నో రెట్లు పెద్ద తలనొప్పి. అలాంటిది జరిగి ఉంటే ఉన్నది ఉన్నట్టు రాయాలి, రాసేముందు ఇమిగ్రేషన్ సొలిసిటర్‌ని కలవాలి. మీకు ఆ అవసరం ఇంకా రాలేదు.

కాబట్టి ఈ వారంలోనే ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. లైవ్ తెలుగు ఛానెళ్లు కావాలనుకుంటే లైసెన్స్ కొనేయండి. వద్దనుకుంటే లైవ్ నిజంగా మానేసి, ఐప్లేయర్ తీసేసి, అక్కర్లేదని వాళ్లకు చెప్పండి. కొనేటప్పుడు ఈమెయిల్‌లోనో మెసేజ్‌లోనో వచ్చిన లింకు నొక్కొద్దు. లైసెన్స్ గడువు తీరిందనీ, డబ్బు వాపసనీ దొంగ మెసేజ్‌లు విపరీతంగా తిరుగుతున్నాయి. సైటు చిరునామా మీరే టైపు చేసి వెళ్లండి. ఇల్లు మారినప్పుడు లైసెన్స్ దానంతటదే మీ వెంట రాదు, కొత్త చిరునామా మీరే మార్చాలి. ఇండియాకి తిరిగి వెళ్లిపోతుంటే రద్దు చేయమని చెప్పండి, కనీసం ఒక పూర్తి నెల మిగిలి ఉంటే ఆ మేరకు డబ్బు వెనక్కి అడగొచ్చు.